బెల్టుకు పెట్టిన బొట్టు

కుట్టు మిషన్లు రిపేరు చేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏ టైలరు షాపుకు పోయినా ముందు క్లాసు పీకుతాను. స్విచ్ ఆపినా మోటారు లోపల కాసేపు తిరుగుతూనే ఉంటుంది, కాలు పెడలుకు తగిలితే బెల్టు కదులుతుంది, చేయి పెట్టొద్దు అని. నా చేతుల మీద ఒక్క గీత కూడా లేదని పది వేళ్లూ చూపిస్తాను. మా ఆవిడ దీన్ని పొగరంటుంది. పొగరే.

ఒక ఏడాది ఆయుధపూజకు అమీర్‌పేటలో ఒక లేడీస్ టైలర్ షాపులో పది మిషన్లు తుడిచి నూనె వేశాను. అందరూ మిషన్ పైన బొట్టు పెట్టి ఊరుకుంటారు. కష్టపడేది కింద మోటారు, బొట్టు మాత్రం పైదానికా? నేను కింద దూరి మోటారు చక్రానికి కూడా పెడతాను.

తొమ్మిది మిషన్లకు పెట్టాను. పదోది ఇంకా నడిపి చూస్తున్నాను. షాపు నడిపే అక్క హారతి పట్టుకుని నిలబడింది.

"జర జల్దీ కానియ్యి అన్నా, కర్పూరం అయిపోతున్నది."

స్విచ్ ఆపి వెంటనే కింద దూరాను. మోకాలు పెడలు మీద పడింది. కుంకుమ అంటిన నా కుడి చూపుడు వేలిని బెల్టు చక్రంలోకి లాక్కుంది. సూది దగ్గరి సందును తడిమి సరిచేసేది ఆ వేలితోనే. అది పోతే నాకు ఇంకో పని రాదు.

బయటికి వచ్చి వేలు పైకెత్తి చూపించాను.

"గింత బొట్టెందుకన్నా?" అంది అక్క.

"గిది నెత్తురక్కా."

"పండుగ పూట గా మాటలేంది?" అంటూ నా వేలికే హారతి ఇచ్చింది. నాకు నొప్పి కన్నా కోపం ఎక్కువొచ్చింది. నేల మీద చుక్కలు పడ్డాక గానీ ఆమె ఆటో పిలవలేదు.

పంజాగుట్టలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయారు. "దెబ్బ మీద కుంకుమ ఎవరు రాశారండీ?" అని నర్సు తిట్టింది. కుంకుమే ముందు, దెబ్బ తర్వాత అని చెప్తే ఇంకా తిట్టింది. ఆమె ఎంత తుడిచినా ఎరుపు పోలేదు. నిజంగా భయమేసింది.

డాక్టరమ్మ గాయం కడిగి, "ఏదీ, వేలు వంచండి" అంది.

వంచాను.

"ఆ చెయ్యి కాదండీ, దెబ్బ తగిలిన చెయ్యి."

కళ్లు మూసుకుని కుడి చేతి వేలు వంచాను. మెల్లగా వంగింది. ఇన్నేళ్లలో ఎన్ని మిషన్లు కదిలించానో, ఒక్కటి కదిలినందుకూ ఏడవలేదు. ఆ రోజు నర్సు ముందే ఏడ్చాను.