అవ్వ చెవుల్లో సాంచ

ముందు శుభవార్త చెప్పేస్తాను. కడుపులో దాచుకోవడం నా వల్ల కావడం లేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, పాడే పాట మొత్తం రికార్డయింది! మా ఇంట్లోనే, నా చేతులతోనే, మా ఆఫీసువాళ్లు మూలన పడేసిన పాత కంప్యూటర్లో. కాలేజీలో నాతో చదివిన వాళ్లందరికీ ఫోన్ చేసి వినిపించాను. మా వాడకట్టులో వినిపించని ఇల్లు లేదు. ఇప్పుడు మీ వంతు.

అయితే ఆ పాట చేతికి రాకముందు గడిచిన రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

మాది కరీంనగర్ వైపు ఒక చిన్న పట్నం. మరమగ్గాలను మేం సాంచలంటాం. మా వాడకట్టులో దాదాపు ప్రతి ఇంటి ముందుగదిలో అవే ఉంటాయి. బాపు, అంటే మా నాన్న, సాంచలు నడుపుతాడు. అవ్వ ఆ గదిలోనే ఎదురుగా గద్దె మీద కూర్చుని కండెలు చుడుతుంది. కండెలంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలుచుట్టలు. చుట్టినంతసేపూ పాడుతుంది. ఆ పాట ఆమె తల్లిగారి ఊరు ఖానాపూర్ నుంచి వెంట తెచ్చుకున్నది. అమ్మమ్మ నాట్లు వేస్తూ పాడేదట. గోదావరి దాటి అత్తగారింటికి పోతున్న ఒక పిల్ల, పడవలో కూర్చుని నదితో మాట్లాడుతుంది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. పెద్దమ్మలకు, చిన్నమ్మలకు ఆ పాట రాదు. నాకు రాగం సగం వచ్చు, మాటలు అంతకన్నా తక్కువ. మొత్తం పాట ఉన్నది ఒక్క అవ్వ గొంతులోనే.

ఆ గొంతులోనే గడ్డ లేచింది.

కరీంనగర్ డాక్టర్ చాలా నెమ్మదిగా చెప్పాడు. "ఆపరేషన్ తప్పదమ్మా. గడ్డ గొంతు నరాన్ని ఆనుకుని ఉంది. మాట వస్తుంది. కానీ ఇప్పటిలా ఉంటుందని చెప్పలేను. పాటంటారా, అసలే చెప్పలేను."

తిరుగు బస్సులో అవ్వ కిటికీలోంచి చూస్తూ, "నేను మంచం ఎక్కితే కండెలెవలు సుట్టాలె?" అంది. ఆమెకు అదే ఫికర్. నాకు మాత్రం బస్సు దిగేలోపు ఒక్కటే గట్టిగా పట్టుకుంది. ఆపరేషన్ కంటే ముందు ఆ పాటను ఎక్కడో ఒక చోట దాచాలి.

ఫోన్లో రికార్డు చేస్తే సరిపోదా అనుకుంటారు. అదే మొదట చేశాను. వింటే సాంచలే సాంచలు. అవ్వ గొంతు కూడా చప్పుడులో చప్పుడైపోయింది. కరీంనగర్‌లో పాటలు రికార్డు చేసే గదులున్నాయి, పోదాం పదమంటే ఇంతెత్తున లేచింది.

"నేనేమన్న పాటల దాన్నా, ఊర్లు పట్టుకోని పాడుకుంట తిరగనీకె? పాడితే గిదే గద్దె మీద పాడుత. లేకుంటే లేదు."

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. కాబట్టి కంప్యూటర్ అనే పేరున్న ఏ వస్తువైనా నేను చెప్పినట్టు వినాలని ఇంట్లో అందరి నమ్మకం. నేను పనిచేసే ఆఫీసులో నడవలేక నడుస్తున్న ఒక పాత డబ్బాను, ఇంటికి తీసుకుపొమ్మని మా సారు ఇచ్చేశాడు. అంత పాతదాని మీద కూడా తేలిగ్గా నడుస్తుందని, పైగా ఉచితమని చదివి, అందులో విండోస్‌కు బదులు లైనక్స్ వేశాను. చిన్న సౌండు పెట్టె, మైకు, చెవులను పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్లు తెప్పించాను. తెర వెలిగింది. నేను గంతులేశాను.

అవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. "గిది ఉత్తగనే ఇచ్చిండ్రా?"

"అవునే అవ్వా, ఉత్తగనే."

"ఉత్తగ వచ్చింది ఎన్నడు పని జేసిందే?"

ఆ మాట అన్న ముహూర్తమేమిటో గానీ, అక్కడి నుంచి అన్నీ అడ్డమే. తన గొంతు తనకు వినబడాలని హెడ్‌ఫోన్లు పెట్టి పాడమంటే రెండు మాటలు పాడి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది.

"ఎవలే గది, నా ఎనుకనే పాడి ఎక్కిరిస్తున్నది?"

ఆమె గొంతే. మైకులోంచి కంప్యూటర్లోకి పోయి, మళ్లీ ఆమె చెవికి చేరేసరికి ఆలస్యమవుతోంది. ఆ ఆలస్యాన్ని తగ్గిస్తే పోపు గింజలు చిటపటలాడినట్టు శబ్దం. పెంచితే మళ్లీ ఎక్కిరింపు. ఆఫీసు నుంచి రాగానే దాని ముందు కూర్చోవడం, పిచ్చిదానిలా ఒక్కో సెట్టింగు మార్చడం, అవ్వను పిలవడం, అవ్వ రెండు మాటలు పాడి నా ముఖం చూడడం. పాడిన ప్రతిసారీ ఆమె గొంతు కొంచెం బరువెక్కుతున్నట్టు నాకు అనిపించేది. నిజమో, నా భయమో తెలియదు.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి అనేది. "డిగ్రీ సదివిన పిల్ల, డబ్బా ముంగట కూసోని ఏడుస్తున్నది. మా మనవడైతే దాంట్ల సినిమాలు సూస్తడు, నవ్వుతడు."

చివరికి ఒక చోట చదివాను. శబ్దం పనికి కంప్యూటర్ మిగతా పనులన్నీ పక్కన పెట్టాలంటే, దానికి ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలట. అందుకు నా పేరును 'ఆడియో' అనే గుంపులో చేర్చాలి. చేర్చాను. అయితే తొందరలో, ఉన్న గుంపుల్లో ఉంచుతూ ఇందులోనూ చేర్చు అని చెప్పడానికి బదులు, ఇందులో మాత్రమే ఉంచు అని చెప్పాను. కంప్యూటర్ చెప్పింది చెప్పినట్టు చేసింది. దాన్ని అజమాయిషీ చేసే వాళ్ల గుంపులోంచి నన్ను బయటికి తోసేసింది. మళ్లీ తెరిచాక ఏది మార్చబోయినా ఒకటే మాట. ఈ పని చేసే అధికారం మీకు లేదు.

నేను వేసిన లైనక్స్, నేను పెట్టుకున్న పేరు, నాకే అధికారం లేదు! పెరట్లోకి పోయి బకెట్ బోర్లించి కూర్చుని ఏడ్చాను. ఆపరేషన్ మూడు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. బాపు బీడీ వెలిగించుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏమాయె బిడ్డా, కాలిపోయిందా గది?"

"కాలిపోలే బాపూ. నన్ను బయటికి తోలింది."

బాపు బీడీ నోట్లోంచి తీశాడు. "మనింట్లకెల్లి మనల్నే తోలుడేంది? గట్ల గూడ జేస్తదా?"

ఏడుస్తూనే నవ్వొచ్చింది. లోపలికి పోయి, ఫోన్లో చదువుతూ, కంప్యూటర్ పూర్తిగా లేవకముందే దాన్ని ఆపి బాగుచేసుకునే దారి ఒకటి ఉందని తెలుసుకుని, నా పేరును మళ్లీ అన్ని గుంపుల్లో చేర్చాను. ఈసారి తెర నన్ను గుర్తుపట్టింది. ఆలస్యం పోయింది. చిటపటలు పోయాయి.

పోనిది సాంచల చప్పుడు ఒక్కటే. కాసేపు ఆపమని బాపును అడిగాను.

"నాయి ఆపుత. వాడకట్టంత ఆపుతరా నీ పాట కోసం?"

నిజమే. మా వాడకట్టు మొత్తం ఒకేసారి నోరు మూసుకునేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే నా కంప్యూటర్ కూడా పోతుంది. ఆ మాట అనుకున్నాక గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

సరిగ్గా ఆపరేషన్‌కు ముందురోజు, లైన్ల పని ఉంది, మధ్యాహ్నం దాకా కరెంటు రాదు అని కరెంటు ఆఫీసువాళ్లు చెప్పారు. పక్కింటి పెద్దమ్మ ఇంట్లో టీవీ కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ ఉంది. పోయి కాళ్లావేళ్లా పడ్డాను.

"తీస్కపో. నీ డబ్బా పేలితే మాత్రం నా బ్యాటరీ నాకు గావాలె," అంది. బాపు, నేను మోసుకొచ్చి తగిలించాం.

కరెంటు పోయింది. ఒక్కో ఇంట్లో సాంచలు ఆగుతూ వచ్చి వీధంతా సద్దుమణిగింది. ఎక్కడో ఎవరో దగ్గింది కూడా వినబడింది. ఇంత నిశ్శబ్దం దొరికాక ఇక అడ్డమేముంది అనుకున్నాను. అవ్వ గద్దె మీద కూర్చుంది. మైకు సర్దాను. "పాడవే," అన్నాను.

అవ్వ నోరు తెరిచింది. మొదటి మాట వచ్చింది, రెండోది పరుగెత్తింది, మూడోది ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి ఈడ్చుకుంటూ పోయి, పిల్ల పడవ ఎక్కే చోట మాట మరిచిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆమె ఆ మాట మరవడం నేను చూడలేదు. మళ్లీ. మళ్లీ. ఇన్వర్టర్ మధ్యమధ్యలో కీచుమంటోంది.

"ఏమాయెనే నాకు?" అంది అవ్వ. ఆమె కళ్లల్లో భయం అప్పుడు చూశాను. ఆపరేషన్ అన్నప్పుడు లేని భయం. "పాట పోయిందే. గీ గడ్డనే తిన్నదా?"

ఆలస్యమైపోయింది, గుంపులూ సెట్టింగులూ అంటూ నేను తిరుగుతున్నంతలో పాట పోయింది అనుకున్నాను. ఆమె పక్కన కూలబడ్డాను. అప్పుడు కనబడింది. ఆమె కుడిచెయ్యి మోకాలి మీద దేన్నో వెతుకుతున్నట్టు కదులుతోంది. తడుతోంది, ఆగుతోంది, మళ్లీ తడుతోంది.

"చెవులు గుయ్యిమంటున్నయి బిడ్డా," అంది. "సాంచ నడుస్తలేదు గదా. యాడ ఎత్తుకోవాలెనో, యాడ ఆపాలెనో తెలుస్తలేదు."

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ పాటను సాంచల మధ్యనే పాడింది. నాడె అటు కొట్టినప్పుడు ఒక మాట, ఇటు కొట్టినప్పుడు ఒక మాట. ఏ చప్పుడును తీసెయ్యాలని నేను అన్ని రోజులు చచ్చానో, ఆమె పాట దాని మీదే నిలబడి ఉంది. మేళగాళ్లలోంచి డోలు వాయించేవాణ్ని పంపేసి పాడమన్నాను నేను.

వీధిలో ఒక్క సాంచ కూడా నడవడం లేదు. కానీ నా దగ్గర చెడిపోయిన రికార్డింగులు ఉన్నాయి! ఒకదాంట్లో, అవ్వ గొంతు ఎత్తకముందు, బాపు సాంచ ఒక్కటే ఆడిన ముక్క దొరికింది. దాన్ని కోసి, ఒకదాని వెనక ఒకటి అతికించి, హెడ్‌ఫోన్లలోకి మాత్రమే పోయేట్టు పెట్టాను. అవ్వ చెవులకు తగిలించి నొక్కాను.

అవ్వ వెన్ను నిటారైంది. మోకాలి మీద చెయ్యి ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. నాకు మాత్రం గదిలో ఏ చప్పుడూ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలోంచి అవ్వ గొంతు లేచింది.

ఏమని చెప్పను? అంత దగ్గరగా ఉండి ఆ గొంతును నేనెప్పుడూ వినలేదు. ఊపిరి తీసుకునే చోట్లు, నదిని 'తల్లీ' అని పిలిచేటప్పుడు సన్నగా వణికే చోటు. పిల్ల పడవ ఎక్కింది, తల్లిగారి ఒడ్డు చిన్నదైంది, అవతలి ఒడ్డు వచ్చింది. ఆ చరణం ముగిసిందో లేదో వీధి చివర ఒక సాంచ దగ్గింది, ఇంకోటి అందుకుంది, ఊరంతా ఒక్కసారి హోరెత్తింది. కరెంటు వచ్చేసింది.

"పాట అయిపోయిందా అవ్వా?" అని అరిచి అడిగాను.

ఒక్క క్షణం గోడవైపు చూసింది. "అయింది తియ్," అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ ప్రమాదం లేనిదేనని చెప్పారు. గొంతు మాత్రం పొడి ఆకుల మీద నడిచినట్టు వచ్చింది. మెల్లగా బాగుపడుతుంది, ఎంతవరకో ఇప్పుడే చెప్పలేం అన్నారు. కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. మాట్లాడొచ్చు అన్న తర్వాత ఒక ఆదివారం, బాపు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. విన్నంతసేపూ కదల్లేదు. తీసి చేతిలో పట్టుకుని అవ్వవైపు చూశాడు.

"ఏమే, గింత మంచిగ పాడుతవా నువ్వు? ఎదురుంగ నీ పెదవులు కదులుడే గాని, సాంచల సప్పుడుల నాకెన్నడు ఒక్క మాట ఇనవడలే." తర్వాత అడిగాడు. "మరి గా పిల్ల ఒడ్డు దిగినంక ఏమాయె?"

అవ్వ గుసగుసగా అంది. "ఇంకో సరణం ఉన్నది. మా అవ్వది గాదు. గీ ఇంటికొచ్చినంక నేనే కట్టిన."

నేను నెత్తిన చేతులు పెట్టుకున్నాను. "మరి అయింది తియ్ అంటివి?"

"నేను కట్టింది పాటెట్లయితది?" అంది. తర్వాత బాపును చూపించి, "జర నువ్వు బయటికి పో," అంది.

"గిన్నేండ్లు ఇననోన్ని, ఇంకింత సేపు ఇనకుంటే ఏం పోతది?" అంటూ బాపు చెప్పులేసుకున్నాడు.

నేను సాంచ ముక్కను పెట్టాను. అవ్వ మైకుకు పెదవులు ఆనించి, ఆ పొడి గొంతుతోనే ఎత్తుకుంది.

గోదారి సప్పుడు గీడ లేదాయె,
సాంచ సప్పుడులనె నా ఇల్లు దొరికె,
ఎదురుంగ కూసున్న మారాజు జూసె,
జూసుడే గాని పాట ఇనడాయె.

రెండుచోట్ల గొంతు తెగింది. దగ్గింది. ఆ దగ్గును కూడా నేను తియ్యలేదు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చి, "ఇగ పిలువు," అంది.

బాపు వచ్చాడు, విన్నాడు. విని, సిగ్గుపడాలో నవ్వాలో తెలియనట్టు మీసం తడుముకున్నాడు.

"నేను మారాజునా?"

"పాటల మాట కలువాలె గదా," అంది అవ్వ. "అందుకే పెట్టిన."