ఐదో అంశం ఎదుట పెట్టిన టిక్కు

ఆ జ్వరాల పట్టిక ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సౌదీలోని హుఫూఫ్ ఆసుపత్రిలో నర్సుగా ఇన్నేళ్లుగా రోగుల మంచాలకు తగిలించిన పట్టికల పద్ధతిలోనే దాన్ని గీసుకున్నాను. తేదీ, గంట, గది వేడి, ప్రాసెసర్ వేడి. రోగి మాత్రం నా బల్ల మీది కంప్యూటర్.

కొత్తగా చేరే నర్సులకు పాఠాల వీడియోలు తయారుచేసే పని నాకు అప్పగించారు. ఆ పనికి పాత యంత్రం చాలక కొత్తది కూర్చుకోవలసి వచ్చింది. ప్రాసెసర్‌ను చల్లార్చడానికి దుకాణంలో రెండు మార్గాలు చూపారు. రేకుల దిమ్మెకు ఫ్యాను బిగించి గాలితో చల్లార్చడం ఒకటి, పంపుతో గొట్టాల్లో ద్రవాన్ని తిప్పి చల్లార్చడం రెండోది. మేనేజరు రెండోదాన్నే పొగిడాడు. ఆయన లోపలికి వెళ్లగానే కడప జిల్లా నుంచి వచ్చిన మెకానిక్ గొంతు తగ్గించాడు.

"సిస్టరమ్మా, గాలిదే పెట్టుకోండి. ఫ్యాను పోతే సాయంత్రానికి ఇంకోటి బిగిచ్చుకోవచ్చు. పంపు పోతే యాడ తెస్తారు? దుమ్ము పడితే బ్రష్షుతో తుడుచుకోండి, అంతే."

"ఈ మాట రాసిస్తావా?"

"నేను రాసేదేముంది, మీరే రాసుకోండి. చేతిలో పుస్తకం ఉండనే ఉండాది కదా."

రాసుకున్నాను. బిగించే విధానాన్ని అతను చెప్పగా పది అంశాలుగా రాసుకున్నాను. నా వస్తువు మీద పరాయి చెయ్యి పడటం నాకిష్టం ఉండదు కనుక, ఇంట్లో నేనే ఒక్కొక్క అంశం ముగించి టిక్కు పెడుతూ బిగించాను.

మొదటి రోజు నుంచే యంత్రం మొరాయించింది. వీడియో సగం కూడా పూర్తికాకముందే తెర నల్లబడేది. నేను కూర్చోలేకపోయేదాన్ని. పెట్టె పక్క తలుపు తీసి చెయ్యి పెట్టి చూడటం, ఏసీ పెంచడం, గదంతా తిరిగి మళ్లీ వచ్చి చూడటం. పన్నెండు రోజులు అంకెలు రాశాను. పదమూడో రోజున రెండు పుటల ఫిర్యాదు రాసి, పట్టిక నకలు జతచేసి, మేనేజరు చేతికే ఇచ్చాను. మీ మెకానిక్ తెలిసీ తెలియని సలహాతో నన్ను మోసగించాడని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

శుక్రవారం మధ్యాహ్నం మెకానిక్ మా ఫ్లాటుకు వచ్చాడు. వెంట భార్య ఉంది. ఆమె ఆ ఊళ్లోనే ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తుంది. వారానికి ఆ ఒక్క పూటే సెలవు.

"మీ కాగితం చూసి మేనేజరు నన్ను తబూక్ బ్రాంచికి పొమ్మన్నాడు. ఆదివారమే. పోయే ముందు తప్పేందో చూసుకుందామని వచ్చినా."

"తబూక్ నుంచి శుక్రవారం శుక్రవారం రావచ్చునా సిస్టరమ్మా?" అని అడిగింది ఆమె.

తబూక్ దేశానికి ఆ చివర ఉంది. కంప్యూటర్ పెట్టెను అతని ముందుకు జరిపాను.

అతను మరలు విప్పి దిమ్మెను పైకెత్తాడు. దాన్ని తిప్పి అడుగు భాగం నాకు చూపించాడు. దిమ్మె అడుగుకు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది. బిగించే ముందు తీసివేయవలెనని దాని మీదే అచ్చువేసి ఉంది.

"చొక్కా ఇప్పకుండానే తానం చేపించినారే సిస్టరమ్మా."

భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆ రిమోటు చూడు. ఆ ఫ్రిజ్జు తలుపు చూడు. ఈ ఇంట్లో దేనికీ చొక్కా ఇప్పలేదు."

నా పుస్తకం తెరిచాను. ఐదో అంశం: అడుగు పొర తీయాలి. ఎదురుగా నా టిక్కు. దిమ్మెను చుట్టిన సంచిని విప్పి, పొర తీశాననుకుని పెట్టిన టిక్కు అది. పట్టికలో గది వేడి రోజూ మారుతూనే ఉంది. ప్రాసెసర్ వేడి మాత్రం పనిలో పెట్టిన క్షణం నుంచి అన్ని రోజులూ ఒకేలా ఎక్కింది. లోపం చల్లార్చే పద్ధతిలో కాదు, బిగింపులో ఉందని ఆ అంకెలే చెబుతున్నాయి. కొత్త నర్సు ఎవరైనా ఇలాంటి పట్టిక రాసి అర్థం చేసుకోకుండా నా ముందుకు తెస్తే నిలబెట్టి అడిగేదాన్ని.

అతను పొర లాగేసి, వేడిని లాగే పేస్టు కొత్తగా రాసి బిగించాడు. వీడియో మొత్తం పూర్తయింది. ఫ్యాను చప్పుడు కూడా అంతగా లేదు.

శనివారం ఉదయమే రెండో ఉత్తరం పట్టుకుని వెళ్లాను. తప్పు నాదేనని రాసి, ఆ పొరను దానికి అతికించాను. మేనేజరు చదివి, రెండు ఉత్తరాలనూ ఒకే ఫైలులో పెట్టి, నవ్వుతూ హిందీలో అన్నాడు. మేడమ్ ద్రవంతో చల్లార్చే ఆ లిక్విడ్ సెట్ ఒకటి తీసుకుంటే తబూక్‌కు మరో మనిషిని చూసుకోవచ్చట.

"ఆ మాట రాసివ్వండి" అన్నాను.

"రాసేదేముంది మేడమ్, ఖలాస్."

ఒళ్లు మండిపోయింది. సెట్ కొన్నాను. విప్పకుండా ప్లాస్టిక్‌తో సహా బీరువాలో పెట్టాను.

ఆదివారం డ్యూటీకి వెళుతూ టాక్సీని దుకాణం దారిన తిప్పించాను. పుస్తకంలో ఇలా ఉంది: ఉదయం పదిన్నర, మెకానిక్ కౌంటర్ దగ్గర ఉన్నాడు. నోటిమాట మీద నాకు నమ్మకం లేదు. అందుకే ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్లి చూశాను. ఆ పై ఆదివారమూ వెళ్లాను.