నాగరి అక్షరాల్లో నా చేతిరాత

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దానికి అలవాటు పడ్డాననుకున్నాను. పడలేదు. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

మాది హిందీ ప్రాంతమైన బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ గ్యాంగ్‌మన్‌గా చేరాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. తెలుగు చదవడం, రాయడం పట్టుబట్టి నేర్చుకున్నాను. పక్క క్వార్టర్ సూరిబాబు ధారాళంగా తెలుగు మాట్లాడేవాడు గాని, చదవగలిగింది హిందీ ఒక్కటే.

ఇప్పుడు అతను హాస్యకారుడు. నాయకులను పేరు పెట్టి నిలదీసే అతని పాడ్‌కాస్ట్‌ను మీరూ విని ఉండవచ్చు. మొదలు మాత్రం మా తెలుగు సంఘం వారి వినాయక చవితి వేదిక మీద, పది నిమిషాలు. ఆ మాటలు నేను రాసేవాణ్ణి. అతను చదువుకోవడానికి వీలుగా తెలుగునే హిందీ రాసే నాగరి అక్షరాల్లో రాసి ఇచ్చేవాణ్ణి. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

తొమ్మిదేళ్ల కిందటి చవితికి నేను రాసినది ఇది: "మా నాయకుడుగారు ఓవర్‌బ్రిడ్జికి మూడుసార్లు కొబ్బరికాయ కొట్టీసినారు. బ్రిడ్జి ఇంకా పుట్టనేదు గానీ, పచ్చడి మాత్రం కాలనీ అంతా తిన్నాం."

జనం పడీపడీ నవ్వారు. ముందు వరుసలో ఆ నాయకుడు కూర్చుని ఉన్నాడు.

సూరిబాబు అప్పటికే తన మొదటి సినిమా తీశాడు. కూల్చబోతున్న మా క్వార్టర్ల మీద అరగంట చిత్రం. లోకో షెడ్‌లో రిటైరైన వాళ్ల నాన్న, మా వీధివాళ్లు అందులో నటించారు. మరుసటి ఆదివారం సంఘం హాలులో తొలి ప్రదర్శన. ఈలోగా నాయకుడి మనుషులు వచ్చి, ఆ మాట రాసినదెవరో తేల్చమన్నారు. పెద్దలు మా ఇద్దరినీ పిలిపించారు. నాకు రైల్వే ఉద్యోగం ఖాయమై, పోలీసు విచారణ ఒక్కటే మిగిలిన రోజులవి.

సంఘం అధ్యక్షుడు, వేదిక మీద దొరికిన ఆ కాగితాన్ని నా వైపు తోశాడు. "సదువుకున్నోడివి. సూసి సెప్పు బాబూ, ఎవుల రాత ఇది?"

"తెలుగు రాయడం వచ్చినవాడు తెలుగును నాగరిలో ఎందుకు రాస్తాడండీ?" అన్నాను.

అందరూ సూరిబాబు వైపు తిరిగారు. అతను నన్నే చూస్తున్నాడు.

"అచ్ఛా," అన్నాడు. "నాదేలే. ఏటి సెయ్యమంటారిప్పుడు? ఇంకో కొబ్బరికాయ కొట్టమంటారా?"

ఎవరూ నవ్వలేదు.

సినిమాకు హాలు ఇవ్వలేదు. సంఘం క్షమాపణ పత్రం అడిగితే సూరిబాబు వాళ్ల నాన్న నా దగ్గరికే వచ్చారు. రాసి ఇచ్చాను. మంచి తెలుగులో, ఒక్క తప్పు లేకుండా. ఆయన కింద సంతకం పెట్టి, నాకు దండం పెట్టారు. సూరిబాబు ఆ నెలలోనే ఊరు విడిచాడు. ఆ సినిమాను తర్వాత ఎక్కడెక్కడివాళ్లో చూశారు. క్వార్టర్లు కూలాయి. అందులో నటించినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లకు, కోటాకు, గతౌరాకు చెదిరిపోయారు. ఒకచోట కూర్చుని తమను తాము చూసుకోవడం వాళ్లకు దక్కలేదు.

నేనెందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందన్న భయమేనా? అదొక్కటే అయితే మౌనంగా ఉండేవాణ్ణి. నా మాటకు అతనికి చప్పట్లు పడుతుంటే చీకట్లో నిలబడి విన్న ఆ నిమిషంలో నాలో ఏదో గుచ్చుకుందని, ఆ కాగితం ముందుకు వచ్చినప్పుడు అదే నోరు తెరిచిందని ఇప్పుడు అనుమానిస్తున్నాను. అనుమానమేనా? తెలుసు.

ఈమధ్య పాడ్‌కాస్ట్‌లో ఒకరు అతన్ని అడిగారు, ఈ దారిలోకి ఎలా వచ్చారని. "ఒక కొబ్బరికాయ వల్ల," అని నవ్వాడు. నా పేరు చెప్తాడేమోనని ఆ భాగాన్ని పదేపదే విన్నాను. చెప్పలేదు. అది దయో, ఏవగింపో నాకు తెలియలేదు.

ఇంతవరకు తెలుగులో రాశాను. అతను దీన్ని చదవలేడు. బహుశా అందుకే రాయగలిగాను. ఇప్పుడు ఇంకో కాగితం తీసుకుని, మొదటి వాక్యం నుంచి దీన్ని నాగరి అక్షరాల్లోకి ఎత్తి రాస్తున్నాను. చెయ్యి ఇంకా మరిచిపోలేదు. సంతకం అవసరం లేదు. ఈ రాత ఎవరిదో అతనికి తెలుసు.