పడవలొచ్చాక మోగిన పాఠం

మా లెక్కల మేస్టారు పోయారు. ఆ కబురు పోయిన వారం ఆయన నంబరు నుంచే మా హైస్కూల్ వాట్సాప్ గ్రూపులోకి వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. ఆ నంబరు నుంచి ఎప్పుడూ వచ్చేది ఆయన గొంతే కదా, అలవాటుగా నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. వాళ్లమ్మాయి మాట్లాడింది. రాజాంలో, సొంతింట్లో, నిద్రలోనే వెళ్లిపోయారట. నేను చదువుతున్న ఎచ్చెర్ల యూనివర్సిటీలో క్లాసు మధ్యలో బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన గురించి చెప్పాలంటే కరోనాకి బడులు మూసేసిన ఏడాదితో మొదలెట్టాలి. మాది శ్రీకాకుళం తీరంలో చేపల వేట మీద బతికే ఊరు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడిలో టీచర్లందరూ కలిసి మంచి యాప్ ఒకటి ఎంచారు. పొద్దున్నే వీడియో క్లాసు. టీచరు కనిపిస్తారు, బోర్డు కనిపిస్తుంది, పిల్లలే కనిపించరు. మా ఊళ్లో ఫోన్లు లేక కాదు. పొద్దున పూట అవి సముద్రంలో ఉంటాయి. మా అయ్య ఫోన్ని పాలిథిన్ కవర్లో చుట్టి మొలకి కట్టుకుని వేటకెళ్లేవాడు. తిరిగొస్తూ ఎంత చేప పడిందో అమ్మ బటన్ ఫోనుకి చెబితేనే ఆవిడ ఒడ్డున బేరగాళ్లని ఆపేది.

"బడి నేదు కదేటి. అమ్మతో సేపల గంపెత్తుకో," అన్నాడు అయ్య. ఎత్తుకున్నాను. ఇక పదో తరగతి మొహం చూడనేమోనని దిగులు పట్టుకుంది.

ఒకనాటి పొద్దున మేస్టారు పాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ వచ్చారు. క్లాసుకి రాలేదని తిట్టడానికే అనుకున్నాను.

"ఫోనేదే?" అన్నారు.

"అయ్య ఏటకి అట్టుకెళ్లాడు సార్."

ఆయన బోర్లించిన తెప్ప మీద కూర్చుని, పడవలొచ్చేదాకా కదల్లేదు. అయ్య దిగి, జడుసుకుని, కవరు విప్పి ఫోన్ ఇవ్వబోయాడు. మేస్టారు పుచ్చుకోలేదు.

"ఒద్దు మావా. దానికి అన్నం పెట్టే పనున్నాది. మా సదువే దాని ఎనకాల రావాల," అన్నారు. "పడవలొచ్చీసి, మీరు బువ్వలు తినీసరికి ఏ యేళవుద్దో అది సెప్పు."

ఆయన క్లాసుకి వీడియో ఆ రోజుతో సరి. మధ్యాహ్నం గ్రూపులోకి ఆయన గొంతు వచ్చేది, చిన్న చిన్న రికార్డు ముక్కలుగా. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా దిగేది. బోర్డు లేకుండా లెక్కలేమిటని మిగతా టీచర్లు నవ్వారట. మాకు అంత పెద్ద బోర్డు అంతకుముందు లేదు మరి.

"పడవలొచ్చీసాయేటి? తిన్నారా?" అని మొదలెట్టేవారు. "తడిసిన ఇసక కాడికి పోయి పుల్లట్టుకోండి. పెద్ద సున్నా సుట్టండి. నడిమధ్యన సుక్కెట్టండి. లోపల ఓ అడ్డగీత గియ్యండి. సుక్క కాణ్నించి ఆ గీత మీదకి నిట్టనిలువుగా ఇంకోటి దించండి. గీసినారా?"

అని ఆగేవారు. మేము గీసేంతసేపూ ఆ రికార్డులో ఏ మాటా ఉండదు. వాళ్లింటి కుక్కర్ కూత, కాకి అరుపు, మేడంగారు పాలబ్బాయిని కసరడం వినిపించేవి. తర్వాత వల తాడుతో అడ్డగీత రెండు ముక్కల్నీ కొలిపించేవారు. రెండూ సమానంగా వస్తే నాకెంత సంబరమో.

పక్కన వల బాగుచేసుకుంటూ అయ్య, "గీసింది మేస్టారూ, కానియ్యండి," అని ఫోనుకి జవాబిచ్చేవాడు. అది రికార్డు అయ్యా అంటే వినడు. "అంత పెద్దాయన అడుగుతుంటే పలక్కుండా ఎలాగే?" అనేవాడు. గంప మాట మళ్లీ ఎత్తలేదు. బడి తెరిచిన రోజు తనే దిగబెట్టాడు.

కబురు విన్న మర్నాడు ఊరెళ్లాను. మధ్యాహ్నం పడవలొచ్చాక ఒడ్డున కూర్చుని ఆ పాత పాఠమే పెట్టాను. సున్నా చుట్టాను, చుక్క పెట్టాను, అడ్డగీత గీశాను. ఆఖరి గీత గియ్యకుండా పుల్ల పట్టుకుని కూర్చున్నాను.

"గీసినారా?" అన్నారు మేస్టారు.

కుక్కర్ కూసింది. కాకి అరిచింది. అయ్య వల పక్కన పెట్టి, లేచొచ్చి, నా చేతిలో పుల్ల తీసుకుని చుక్క నుంచి గీత దించాడు.

"గీసినాను మేస్టారూ," అన్నాడు.