కార్డు మీద తొమ్మిది గంటలు

మొన్న యాప్రాల్ నుంచి అక్క పంపిన కార్డు వచ్చింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, ఇంటి కింది వాటాలో చిన్నపిల్లల బడి పెడుతోంది. "ప్రారంభోత్సవం ఉదయం సరిగ్గా పది గంటలకు" అని బంగారు రంగులో అచ్చయి ఉంది. మా ఆవిడ చదివి, "అయితే పదకొండుకు బయల్దేరుదాం" అని లోపలికి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ "సరిగ్గా" దగ్గరే కాసేపు ఆగిపోయాను. నా జీవితంలో ఒకే ఒక్కసారి అంతర్జాతీయ స్థాయిలో సేవ చేశాను. అది కూడా ఒక కార్డు మీద గంట మార్చడమే.

కొన్నేళ్ల కిందట అక్క తూర్పు ఆఫ్రికాలో, సముద్రం పక్కనున్న ఒక పట్టణంలో, మనవాళ్లు పెట్టిన ఇంటర్నేషనల్ స్కూల్లో పనిచేసేది. సికింద్రాబాద్‌లో పాతికేళ్లు లెక్కలు చెప్పి వెళ్లిన మనిషి. అక్కడ ప్రిన్సిపాలే, కాకపోతే గది తలుపు మీద తన పేరు కింద "తాత్కాలికం" అన్న కాగితం ముక్క అంటించి ఉండేది. స్కూలు అధికారిక ప్రారంభోత్సవానికి ఆ దేశపు విద్యామంత్రి, మన దౌత్య కార్యాలయం నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నారు. "అది సవ్యంగా జరగనివ్వండి, మీ సంగతి తర్వాత చూద్దాం" అన్నారట చైర్మన్. కాగితం ఊడటమో, అక్క ఇంటికి రావడమో ఆ పూటతో తేలిపోతుందన్నమాట.

కార్డులు సికింద్రాబాద్‌లో వేయించినంత బాగా ప్రపంచంలో ఎక్కడా వేయరని అక్క నమ్మకం. అందుకని మూడు వారాల ముందే ఆఫీసుకు సెలవు పెట్టి, రెండు వందల కార్డులు, రెండు కిలోల ఆవకాయ, మూడు జతల బట్టలతో దిగాను. కస్టమ్స్ వాళ్లు ఆవకాయను అనుమానించారు. అసలు అనుమానించాల్సింది కార్డులను.

పెట్టె విప్పగానే అక్క కళ్లద్దాలు పైకి జరిపింది. "ఏందిరా ఇది? పది అని రాసిస్తే తొమ్మిదని ఏయించినవ్?"

"అక్కా, తొమ్మిదంటేనే మనోళ్లు పదికి వస్తరు. పదంటే సీదా భోజనానికే."

అక్క కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. సైనిక్‌పురి ఫంక్షన్ హాళ్లలో ఖాళీ కుర్చీల మధ్య గడిపిన సాయంత్రాలన్నీ ఆమె కళ్ల ముందు తిరిగి ఉంటాయి. "గది సుత నిజమేరా," అని కార్డులు పంచేసింది. కార్యక్రమం మాత్రం పదికే పెట్టుకున్నాం.

ఆ రోజు తొమ్మిదికి ఐదు నిమిషాలుంది. అక్క స్టూలెక్కి తెర మీద అక్షరాలు గుచ్చుతోంది. రిబ్బన్ చుట్టలోనే ఉంది, కత్తెర వంటగదిలో పాల ప్యాకెట్లు కోస్తోంది. నేను ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వరండా కడుగుతున్నాను. అప్పుడు గేటు దగ్గర్నుంచి స్కూలు పీటీ సారు, మన మౌలాలి మనిషి, పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా! జెర ఆ బకెట్ పక్కన పెట్టు, మంత్రి వచ్చేసిండు!"

"ఏ మంత్రి?"

"ఎంతమందిని పిలిచినవన్నా నువ్వు?"

నిజంగానే నల్ల కారు. అందులోంచి ఆరడుగుల మంత్రిగారు దిగి, ఎదురుగా కనిపించిన మొదటి మనిషికి ఎంతో మర్యాదగా చేయి కలిపారు. నా చేతిలో అప్పటిదాకా తడిగుడ్డ ఉంది. నేనెవరో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎనిమిదింటి నుంచే సూటులో సిద్ధంగా ఉన్న చైర్మన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "కరెంటు పోయిందని చెప్పండి," అని అక్క చెవిలో అన్నారు. పైన ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతున్నాయి. అక్క స్టూలు దిగి, కొంగు సర్దుకుని, మంత్రి ఎదురుగా నిలబడింది. కోపమొచ్చినా భయమేసినా ఆమె ఇంగ్లీషు ఇంకా స్పష్టంగా ఉంటుంది.

"క్షమించండి సార్. మా ఊళ్లో ఎవరూ సమయానికి రారు. అందుకని ఒక గంట ముందుగా వేసుకుంటాం. కార్యక్రమం పదికి. మీరు సమయానికి వస్తారని మేం అనుకోలేదు. తప్పు మాదే."

చైర్మన్ కళ్లు మూసుకున్నారు. నేను మనసులో తిరుగు ప్రయాణానికి అక్క సామాను సర్దడం మొదలుపెట్టాను.

మంత్రిగారు తన గడియారం చూసుకున్నారు. తర్వాత పక్కనున్న తన సెక్రటరీని చూశారు. ఆమె నేల చూసింది. "నాకు ఎనిమిదని చెప్పింది," అన్నారాయన. "గంట ఆలస్యం చేశానని దారి పొడుగునా క్షమాపణ తయారు చేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు దాన్నేం చేసుకోను?" అని నవ్వడం మొదలుపెడితే, ఆ నవ్వుకు వంటగదిలోంచి కత్తెరతో సహా అందరూ బయటికొచ్చారు.

ఆ తర్వాతి గంట లాంటిది నేను మళ్లీ చూడలేదు. మంత్రిగారు కోటు విప్పి కుర్చీకి తగిలించారు. రిబ్బన్ ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస ఆయన స్తంభానికి కట్టారు. నా ముడి వదులుగా ఉందని మళ్లీ కట్టించారు. ఒకటో తరగతిలో చిన్న కుర్చీలో ఇరుక్కుని పిల్లల పాట రిహార్సల్ రెండుసార్లు విన్నారు. అక్క వాళ్లకు తీసివేతలు చెబుతుంటే చెయ్యెత్తి జవాబు చెప్పారు. అది తప్పైతే అక్క అలవాటుగా, "ఇంకోసారి ఆలోచించు," అంది. చైర్మన్ మళ్లీ కళ్లు మూసుకున్నారు. రెండోసారి ఆయన సరిగ్గా చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు.

దౌత్య కార్యాలయం పెద్దమనిషి మనవాడే కాబట్టి పదికి ఐదు నిమిషాల ముందు తాపీగా వచ్చారు. పదింటికి మంత్రిగారు తాను కట్టిన రిబ్బన్‌ను తానే కత్తిరించారు. ఉపన్యాసంలో స్కూలు గురించి రెండు మాటలు, అక్క గురించి పది మాటలు చెప్పారు. మధ్యాహ్నం చైర్మన్ ఎవరికీ చెప్పకుండా వెళ్లి తలుపు మీది కాగితాన్ని గోటితో గీకారు. కాస్త రంగు కూడా ఊడింది. ఆ మచ్చకు అక్క అక్కడున్నన్నాళ్లూ రంగు వేయించుకోలేదు.

ఇందాక అక్కకు ఫోన్ చేశాను. "పది అంటే ఎన్ని?"

"ఊరందరికీ పదకొండు. నువ్వు మాత్రం తొమ్మిదికే రా. వరండా కడగాలె."

నా వయసులో ఇప్పటిదాకా ఎన్ని గంటలు ఎటుపోయాయో లెక్క తెలియదు. అడగకుండా, అదనంగా నా చేతికొచ్చిన గంట మాత్రం ఆ తొమ్మిదికీ పదికీ మధ్యది ఒక్కటే.