గట్టు దిగిన ట్రాక్టర్

మాది కలిదిండి దగ్గర చేపల చెరువు. కరెంటు పోతే, చేపలకి గాలి అందేలా నీళ్లు చిమ్మడానికి మా పాత ట్రాక్టరే దిక్కు. చలికి సెల్ఫ్ అందుకోదని, మావారు దాన్ని రోజూ సాయంత్రం గట్టు వాలులో నిలిపేవారు. పొద్దున్న కిందికి దొర్లిస్తే స్టార్టయ్యేది.

పెళ్లయిన తొలి శీతాకాలం. ఆయన ఊళ్లో లేని ఓ సాయంత్రం, మంచుకి తడిసే మొరాయిస్తోందనుకుని పాలేరు చేత దాన్ని కింద షెడ్డులో పెట్టించాను. ఆయన పొద్దుపోయి వచ్చి చూసుకోలేదు.

తెల్లవారుజామున కరెంటు పోయింది. చెరువు నిండా చేపలు గాలికోసం పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"ట్రాక్టరేదీ?" అన్నారు మావారు.

"షెడ్డులో పెట్టించానండీ, మంచు పడుతోందని..."

సెల్ఫ్ కొడితే మూలిగి ఊరుకుంది. రేడియేటర్లో వేణ్ణీళ్లు పోశాను. పాలేరుతో కలిసి ముగ్గురం నెట్టినా కదల్లేదు. తెల్లటి పొట్టలు ఒక్కొక్కటే తేలుతుంటే చూస్తూ నిలబడ్డాం. ఎండెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అప్పటికే సగం చెరువు పోయింది.

ఎప్పుడు తిడతారా అని రోజంతా బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. సాయంత్రం ఆయన ట్రాక్టర్ని మళ్లీ గట్టెక్కించి, ఇంట్లోంచి నా దుప్పటి తెచ్చి ఇంజన్ మీద కప్పారు.

"నువ్వన్నదీ నిజమేలే. మంచు పడుతోంది" అన్నారు.

పొద్దుట్నించీ రాని ఏడుపు అప్పుడొచ్చింది.