సున్నా దగ్గర పట్టుకున్న మనిషి

పొద్దున్నే పక్కింటి ఆవరణలోంచి ఇనుప టేపు సర్రుమని చుట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. చేతిలో బియ్యం చేటతోనే గోడ దగ్గరికి వెళ్ళాను. ఆ ఇల్లు కొనబోతున్నవాళ్ళ తరఫున బ్యాంకు పంపిన మనిషి కొలతలు తీస్తున్నాడు. నన్ను చూసి, "ఆంటీ, హద్దు ఈ గోడేనా?" అని అడిగాడు. అవునని చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. పాతికేళ్ళ కిందట ఇలాంటి మనిషే ఒకడు, అప్పుడా ఇంట్లో ఉన్న సాల్మన్ మాస్టారిని ఇదే మాట అడిగాడు.

మేం విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన రైల్వేలో గుమాస్తా. మారేడ్‌పల్లిలో ఈ ఇంట్లోనే పదకొండేళ్ళు అద్దెకున్నాం. ఒకరోజు ఇంటి ఓనరు వచ్చి, అమ్మేస్తున్నానని, ముందు మమ్మల్నే అడుగుతున్నానని, నెలలోగా తేల్చమని చెప్పాడు. మేం కాదంటే కొనడానికి బోయిగూడ బిల్డరొకడు కాచుకుని కూర్చున్నాడు. మాకున్న దారి బ్యాంకు అప్పొక్కటే. ఇల్లు ఎంత విలువ చేస్తుందో లెక్క కట్టడానికి బ్యాంకు ఒక వాల్యుయరును పంపింది. అతను వచ్చి కొలిచి వెళ్ళిన వారానికి రిపోర్టు చేతికొచ్చింది. దస్తావేజులో వెడల్పు ముప్ఫై మూడడుగులు, రిపోర్టులో ముప్ఫై. దస్తావేజులో రెండు వందల ఇరవై గజాల స్థలం, రిపోర్టులో సరిగ్గా రెండు వందలు. ఆ ఇరవై గజాలు తగ్గడంతో వచ్చే అప్పు చాలదు, ఇల్లు మాది కాదు.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలవాడు నవ్వాడంటే ఆ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడనే అనుకుంటాను. అలాంటిదాన్ని, రెండు వందలనే ఆ గుండ్రటి అంకె చూసి ఊరుకుంటానా? బిల్డరు వాల్యుయరుకు ఏదో ముట్టజెప్పాడని తేల్చేశాను. "నీకు అందరూ దొంగల్లాగే కనబడతారేటే?" అన్నారు మా ఆయన. బ్యాంకుకు వెళ్తే మేనేజరు, కొలత తప్పని కాగితం మీద చూపిస్తే మళ్ళీ మనిషిని పంపుతానన్నాడు. వాల్యుయరు అక్కడే ఉన్నాడు. నన్ను తప్పించుకోవాలని కూడా చూడలేదు. "నేను చూసిందే రాసిన మేడమ్. ఈ గోడ కాడికెల్లి ఆ గోడ కాడికి కొలిచిన. గోడ నడుస్తదా ఏంది?" అన్నాడు. అంత ధీమాగా మాట్లాడేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది.

ఇలాంటప్పుడు నేను వెళ్ళేది సాల్మన్ మాస్టారి దగ్గరికే. ఆయనది గుంటూరు వైపు. మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి వేసుకెళ్ళే తెల్ల చొక్కాకు కూడా జేబులో పెన్సిలు ఉండేది. రేషను కార్డులో మా ఇంటి నంబరు తప్పు పడినప్పుడు అర్జీ రాయడం నేర్పింది ఆయనే. నేను మొదటి వాక్యంలోనే గుమాస్తాను తిట్టిపోస్తే ఎర్రసిరాతో కొట్టేసి, "తప్పు ఎక్కడుందో ముందు రాయమ్మా. ఎవరు చేశారో తర్వాత చూద్దాం" అన్నారు. స్పోర్ట్స్ డే నాడు లాంగ్‌జంప్ కొలిచే పని కూడా ఆయనదేనట. దూకిన కుర్రాడు టేపు సున్నా దగ్గర పట్టుకోవాలి, పోటీలో ఉన్న ఎదుటి జట్టువాడు అంకె చదవాలి. లాభం ఎవరిదో వాళ్ళు అంకె చదవకూడదన్నది ఆయన నియమం. అలా చేశాక తన హయాంలో ఒక్క పోట్లాట కూడా జరగలేదని గొప్పగా చెప్పేవారు.

ఈసారి మాత్రం ఆయన తీరు వేరుగా ఉంది. రిపోర్టు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, "ఎల్లుండి చూద్దాం రాజేశ్వరమ్మా" అన్నారు. ఎల్లుండి వెళ్తే తలనొప్పి అన్నారు. ఆయన భార్య రూతమ్మగారు కాఫీ ఇచ్చి, నా మొహం చూడకుండానే లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కొలతలు తీసిన రోజు ఆ వాల్యుయరు వీళ్ళ వరండాలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు. మాస్టారితో ఏదో మాట్లాడాడు కూడా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పక్కింటి దొంగ సంగతేమిటి? బిల్డరు వీళ్ళ ఇల్లు కూడా కొంటానన్నాడేమో! ఆ రాత్రి మా ఆయనతో ఇదే అంటే, "మాస్టారిని కూడానా?" అని అటు తిరిగి పడుకున్నారు. పదకొండేళ్ళు నాకు పెద్దదిక్కుగా ఉన్న మనిషిని నేను అంత మాటన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత మూడోరోజు ఉదయం మాస్టారే వచ్చారు. చేతిలో తోలు డబ్బాలో చుట్టిన పాత గుడ్డ టేపు. "లాభం నీది. సున్నా నువ్వు పట్టుకో, నేను చదువుతాను" అన్నారు. ఇంటి ముందు ఈ గోడ నుంచి ఆ గోడకు కొలిచాం. ముప్ఫై అడుగులు. వాల్యుయరు చెప్పింది అక్షరాలా నిజం. మాస్టారు టేపు చుడుతూ, "మా ఇంట్లోకి రా అమ్మా" అన్నారు.

వాళ్ళ ఆవరణలో, మా రెండిళ్ళ మధ్య గోడకు కొంచెం ఎడంగా ఒక పెద్ద బండ ఉండేది. రూతమ్మగారు దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకునేవారు. దాని పక్కన సన్నజాజి పొద. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని పొదను పక్కకు తీశారు. అడుగున, మట్టిలో సగం కూరుకుపోయిన హద్దురాయి. నేను అలవాటుగా సున్నా కోసం చెయ్యి చాపాను. ఆయన ఇవ్వలేదు. సున్నా తనే రాయి మీద ఆనించి పట్టుకుని, టేపు డబ్బా నాకిచ్చారు.

"గోడ దాకా వెళ్ళి చదువు."

అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ లాభం ఎవరిదో. "మూడడుగులు మాస్టారూ" అన్నాను.

"గట్టిగా చదువు. రూతు వినాలి."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు రూతమ్మగారు. మళ్ళీ చదివాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

అక్కడే బండ మీద కూర్చుని చెప్పారు మాస్టారు. అప్పటికి ఇరవై ఏళ్ళ కిందట వానలకు పాత గోడ పడిపోయిందట. కొత్తది కట్టేటప్పుడు బండ అడ్డమొచ్చిందని మేస్త్రీ గోడను మా వైపు జరిపాడట. ఓనరు అప్పుడు ఊళ్ళో లేడు. "వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాడు. చెప్పలేదు. మూడడుగులో రెండడుగులో నాకే సరిగా తెలియదని సర్దిచెప్పుకున్నాను. చేతిలో టేపు ఉంది, అయినా కొలవలేదు. కొలిస్తే తెలిసిపోతుంది కదమ్మా! మొన్న అతను హద్దు ఇదేనా అని అడిగాడు. అవునన్నాను. అలవాటైన మాట, నోట్లోంచి ఇట్టే వచ్చేసింది." లాంగ్‌జంప్ కొలిచినంత కాలం ఈ గోడ తనకు గుర్తొస్తూనే ఉండేదని కూడా చెప్పారు. దొంగ దొరికాడన్న సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే అర్జీ రాశాం. తప్పు ఎక్కడుందో మొదటి వాక్యంలోనే ఉంది. పొరుగింటివాడిగా ఆయన సంతకం, చక్కటి పటం, కింద "గోడ నేను కట్టించినది, హద్దు తప్పుగా చెప్పినది నేనే" అని ఆయన చేతిరాత. అందులో బిల్డరు పేరు లేదు, వాల్యుయరు మీద ఫిర్యాదు లేదు. బ్యాంకు మనిషి మళ్ళీ వచ్చేలోపల గోడ పడగొట్టించేశారు. ఓనరు, అంత తొందరేమిటి, ఉండనివ్వండి అన్నాడు. మా ఆయన కూడా అదే అన్నారు. "మీరు ఉండనిస్తారు. మీ తర్వాతివాళ్ళు ఉండనిస్తారా?" అన్నారు మాస్టారు. రిపోర్టులో రెండు వందల ఇరవై గజాలు పడింది. ఇల్లు మాదైంది. కొత్త గోడ బండ దాకా వచ్చి ఆగి, అవతల మళ్ళీ మొదలవుతుంది. బండ సగం మాది, సగం వాళ్ళది. బతికున్నంత కాలం రూతమ్మగారు తన సగం మీదే మిరపకాయలు ఎండబెట్టారు. ఎండ మా సగం మీద ఎక్కువ పడుతుందని ఎంత చెప్పినా ఇటు రాలేదు.

మాస్టారు పోయాక ఒకసారి మేం గోడను ఆనుకుని మోటారు గది కట్టించాం. నేను ఊళ్ళో లేనప్పుడు మేస్త్రీ అక్కడ గోడ విప్పి, గదిని నాలుగు వేళ్ళు వాళ్ళ వైపు జరిపాడేమోనని నాకు అప్పటినుంచీ అనుమానమే. పాలవాణ్ణి అనుమానించి పాలు కాచి చూసేదాన్ని, దీన్ని మాత్రం కొలిచి చూడలేదు.

గోడ అవతల ఆ మనిషి ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. "హద్దు ఇదే కదా ఆంటీ? రాసుకోనా?"

చేట కింద పెట్టి, గేటు తీసుకుని అటు వెళ్ళాను. సన్నజాజి ఎప్పుడో పోయింది, గోడ మొదట్లో హద్దురాయి మాత్రం ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాని పక్కన కూర్చున్నాను.

"రాసుకోకు బాబూ. టేపు ఇలా ఇవ్వు, సున్నా నేను పట్టుకుంటాను. ఆ మోటారు గది దాకా వెళ్ళి నువ్వు చదువు. గట్టిగా చదువు."